రాజీవ్ రహదారికి ముందుగా కావాల్సింది సర్వీసు రోడ్లు

సికింద్రాబాద్ ప్యారడైజ్ కూడలి నుంచి శామీర్‌పేట ఔటర్ రింగ్ రోడ్డు వరకు రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్ కట్టేందుకు 2024 మార్చి 7న అల్వాల్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. కంటోన్మెంట్‌లోని రక్షణ శాఖ భూముల వల్ల ఏళ్ల తరబడి ఆగిపోయిన పని అది. కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్ మీదుగా రోజూ వెళ్లేవాళ్లకు దాని అవసరం ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. సుమారు 18 కిలోమీటర్ల ఆ కారిడార్‌కు అప్పట్లో ప్రకటించిన అంచనా 2,232 కోట్ల రూపాయలు. అంటే కిలోమీటరుకు 120 కోట్లకు పైమాటే. ఆ ఖర్చును నేను తప్పుపట్టడం లేదు. కానీ శామీర్‌పేట దాటాక సిద్దిపేట, కరీంనగర్ మీదుగా రామగుండం దాకా ఇంకో 200 కిలోమీటర్ల రహదారి ఉంది. దాని గురించి చర్చ మొదలైతే చాలు, ఆరు వరుసలు చేయాలనో, జాతీయ రహదారిగా ప్రకటించాలనో మాట వస్తుంది. ఆ దారి పక్కన బతికే ఊళ్లకు అన్నిటికంటే ముందు కావాల్సినవి సర్వీసు రోడ్లు, అండర్‌పాస్‌లు, సరైన బస్‌బేలు. అవి పూర్తయ్యే దాకా వరుసలు పెంచే ఆలోచనను పక్కన పెట్టాలన్నది నా వాదన.

ఈ రహదారికి ఇంత ప్రాముఖ్యం ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే రైలు ఎటు పోయిందో చూడాలి. కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలుమార్గం 1929లో పూర్తయింది. అది పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా సాగి కరీంనగర్‌ను పక్కన వదిలేసింది. నిజాం పాలనలో 1905లో ఎలగందుల స్థానంలో జిల్లా కేంద్రమైన కరీంనగర్, ఆ తర్వాత దాదాపు శతాబ్దం పాటు రైలు మొహం చూడలేదు. సిద్దిపేట పరిస్థితి ఇంకా కష్టం. అక్కడి నుంచి సికింద్రాబాద్‌కు తొలి రైలు నడిచింది 2023 అక్టోబరు 3న. అప్పటిదాకా సిద్దిపేట, కరీంనగర్ జనానికి రాజధానితో ఉన్న నేరు సంబంధం ప్రధానంగా ఈ రోడ్డే. హైదరాబాద్ సంస్థానంలో 1932లో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణా రైల్వే శాఖ కిందే నడిచేది. రైలు లేని చోటికి బస్సు వెళ్లాలన్నది అప్పటి ఆలోచన. కరీంనగర్ దారి విషయంలో ఆ ఏర్పాటే శాశ్వతమైపోయింది. గోదావరిఖని బొగ్గు గనులు, బసంత్‌నగర్ సిమెంటు కర్మాగారం, 1978లో పునాది పడిన ఎన్టీపీసీ, 1980లో మొదలై 1999లో మూతబడి మళ్లీ ప్రాణం పోసుకున్న ఎరువుల కర్మాగారం, వీటన్నిటి రాకపోకలూ ఈ దారి మీదికే చేరాయి. బొగ్గు రైల్లో పోయినా కార్మికులు, వాళ్ల బంధువులు, ఆస్పత్రికి వెళ్లే రోగులు బస్సుల్లోనే వెళ్లారు. గల్ఫ్‌కు వెళ్లే కొడుకును సాగనంపడానికి ఇంటిల్లిపాదీ విమానాశ్రయం దాకా ప్రయాణించింది కూడా ఇదే దారిలో.

ఇన్ని దశాబ్దాలు ఒకే దారి మీద ఆధారపడితే ఊళ్లు ఆ దారి వైపు జరుగుతాయి. రోడ్డుకు రెండు మూడు కిలోమీటర్ల లోపల ఉన్న ఊరికి రోడ్డు మీద ఒక స్టేజీ వస్తుంది. ముందు చాయ్ హోటల్, తర్వాత పంక్చర్ షాపు, ఎరువుల దుకాణం, ఆ వెనక ఇళ్లు. కొన్నేళ్లకు ఊరి వ్యాపారమంతా స్టేజీకి చేరుతుంది. తుర్కపల్లి, గౌరారం, ప్రజ్ఞాపూర్, కుకునూరుపల్లి, దుద్దెడ, శనిగరం, బెజ్జంకి క్రాసింగ్, గుండ్లపల్లి స్టేజీ, తిమ్మాపూర్, అలుగునూరు, ఇలా కరీంనగర్ చేరేదాకా పేర్లు చెప్పుకుంటూ పోవచ్చు. మానేరు దాటాక దుర్శేడు, సుల్తానాబాద్, పెద్దపల్లి, బసంత్‌నగర్. ప్రభుత్వం కూడా ఇదే పని చేసింది. సిద్దిపేట జిల్లా కలెక్టరేట్‌ను దుద్దెడ దగ్గర ఈ రహదారి పక్కనే కట్టారు. ములుగు దగ్గర ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల వచ్చాయి. తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉంది. తిమ్మాపూర్ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. పింఛన్ దరఖాస్తు పట్టుకున్న ముసలివాళ్లు, సంచులు తగిలించుకున్న విద్యార్థులు, షిఫ్టు దిగిన కార్మికులు రోజూ దాటాల్సిన దారి ఇది. పేరుకు రాష్ట్ర రహదారి నంబర్ 1 అయినా, చాలాచోట్ల ఇది ఆ ఊళ్లకు నడివీధి.

ఈ నడివీధిని 2010 తర్వాతి ఏళ్లలో ప్రైవేటు భాగస్వామ్యంతో నాలుగు వరుసలు చేశారు. దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్ దగ్గర టోల్‌ప్లాజాలు పెట్టారు. ప్రయాణం మెరుగుపడిన మాట నిజం. పాత రెండు వరుసల రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీని తప్పించుకుంటూ ఓవర్‌టేక్ చేసిన రోజులతో పోలిస్తే డివైడర్ ఎందరి ప్రాణాలో కాపాడి ఉంటుంది. అయితే విస్తరణ చాలావరకు పాత దారి వెంటే సాగింది. బండ్లు, తొలితరం బస్సులు ఊరూరూ తాకుతూ వెళ్లేందుకు ఏర్పడిన మలుపులు అనేకం అలాగే మిగిలాయి. ఊళ్ల దగ్గర పక్క రోడ్లు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల సగంలో ఆగాయి, చాలాచోట్ల అసలు లేవు. దాంతో హైదరాబాద్ వెళ్లే కారు, పక్క ఊరికి వెళ్లే మోపెడ్, పొలానికి వెళ్లే ట్రాక్టర్, స్టేజీ దగ్గర ఆగే పల్లెవెలుగు, అన్నీ అవే రెండు వరుసల్లో నడుస్తాయి. ఒకటి 100 కిలోమీటర్ల వేగంతో, మరొకటి 20 కిలోమీటర్ల వేగంతో. ఇలాంటి చోట ఇంకో వరుస కలిపితే వేగంగా పోయేవాళ్లకు ఖాళీ దొరుకుతుంది, నెమ్మదిగా పోయేవాళ్ల ప్రమాదం మాత్రం అంతే ఉంటుంది. దాటేవాళ్లకైతే పెరుగుతుంది కూడా.

రోడ్డు దాటడం ఎంత కష్టమో లెక్క వేసి చూడవచ్చు. ఒకవైపు రెండు వరుసలూ, పక్కనున్న అంచూ కలిపి సుమారు 9 మీటర్లు అనుకుందాం. తలమీద మూట ఉన్న మనిషి సెకనుకు ఒక మీటరు నడిచినా దాటడానికి 9 సెకన్లు కావాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆ 9 సెకన్లలో 200 మీటర్లు ప్రయాణిస్తుంది. 100 కిలోమీటర్ల వేగమైతే 250 మీటర్లు. అంటే దాటే మనిషికి కనీసం పావు కిలోమీటరు దాకా దారి కనపడాలి, వచ్చే వాహనం వేగం కూడా సరిగ్గా అంచనా వేయగలగాలి. మలుపు దగ్గరున్న స్టేజీలో, డివైడర్ మీద గుబురుగా పెరిగిన మొక్కల మధ్య, పొద్దుగూకే వేళ ఇది కుదిరే పనేనా? ఒకవైపు దాటాక డివైడర్ మీద నిలబడి రెండోవైపు ఇదంతా మళ్లీ చేయాలి. ఆరు వరుసలైతే ఒక్కోవైపు ఇంకో మూడున్నర మీటర్లు కలుస్తాయి. అండర్‌పాస్ లేకుండా దారిని వెడల్పు చేయడమంటే ఆ ఊరి మనిషి ప్రతి దాటుడుకూ మరో మూడున్నర సెకన్లు వాహనాల ముందు ఎక్కువగా నిలబడటమే.

దేశం మొత్తం లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన వివరాల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 41,012 మంది ప్రాణాలు పోయింది రాష్ట్ర రహదారుల మీద. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో రాష్ట్ర రహదారులది మూడు శాతం లోపే, మరణాల్లో మాత్రం దాదాపు పావు వంతు. అదే ఏడాది చనిపోయినవారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు, 19.5 శాతం పాదచారులు. ఈ రెండూ కలిపితే దాదాపు మూడింట రెండు వంతులు. రహదారిని బాగు చేయడం అన్నప్పుడు మనం కార్ల ప్రయాణ సమయం గురించి మాట్లాడుకుంటాం, చనిపోతున్నది ఎక్కువగా కార్లలో లేనివాళ్లు. రాజీవ్ రహదారి మీద పెద్ద ప్రమాదం జరిగిన రోజు మాత్రం రాష్ట్రమంతా మాట్లాడుతుంది. 2018 మే 26న ప్రజ్ఞాపూర్ దగ్గర రిమ్మనగూడ వద్ద ఆర్టీసీ బస్సు, లారీ, క్వాలిస్ ఢీకొని పదిమందికి పైగా చనిపోయినప్పుడు అలాగే మాట్లాడింది. ఒక్కో స్టేజీ దగ్గర ఏడాదిలో వేర్వేరు రోజుల్లో ఒక్కొక్కరుగా పోయేవాళ్ల గురించి జిల్లా ఎడిషన్‌లో నాలుగు వాక్యాలకు మించి రావు. మొత్తం మరణాల్లో పెద్ద భాగం వాళ్లదే.

తప్పంతా ఊరివాళ్లదేనని కొందరంటారు. రాంగ్‌రూట్‌లో బండి నడుపుతారు, డివైడర్ పగలగొట్టి దారి చేసుకుంటారు, హెల్మెట్ పెట్టుకోరు, కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు అని. ఇవన్నీ జరుగుతున్నవే, ప్రమాదకరమైనవే. హెల్మెట్ విషయంలో సాకులకు చోటే లేదు. కానీ మిగతావాటిని కాస్త ఆగి చూడాలి. రోడ్డుకు ఇవతల ఇల్లు, అవతల పొలం ఉన్న రైతుకు యూటర్న్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే, పోనూ రానూ రోజుకు ఎనిమిది కిలోమీటర్లు అదనంగా ట్రాక్టర్ నడపాలి. పైగా ఆ ట్రాక్టర్ వేగంగా వచ్చే లారీల ముందే నడవాలి. రాంగ్‌రూట్‌లో రెండు వందల మీటర్లు పోవడమే క్షేమమని అతనికి తోచడంలో ఆశ్చర్యం లేదు. సర్వీసు రోడ్డు ఉంటే ఆ ఎంపిక చేయాల్సిన అవసరమే రాదు. డివైడర్‌లో పగిలిన ప్రతి చోటూ అక్కడ దారి కావాలని ఊరు చెబుతున్న ఆనవాలు. దాన్ని కంకర పోసి పూడ్చే ముందు ఎవరికి, ఎందుకు అవసరమైందో ఇంజినీర్లు అడగాలి. వడ్ల సంగతి కూడా అంతే. ఊళ్లో కల్లం లేని రైతుకు, వానొస్తే తడిసిపోయే పంటకు తారు రోడ్డు కంటే మంచి చోటు కనపడదు. ఇక్కడ కల్లాలు కట్టించడం పంచాయతీల పని, రోడ్ల శాఖ పని కాదని పక్కకు నెట్టేస్తే రెండు శాఖల మధ్య పోయేది ఏ మోటార్‌సైకిల్ కుర్రాడి ప్రాణమో అవుతుంది.

ఈ విషయంలో చట్టం కూడా ముందుకు జరిగింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ చేరింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేక ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం పాలైనా, బాధ్యులైన అధికారికీ, కాంట్రాక్టరుకూ, కన్సల్టెంటుకూ, రహదారి నడిపే సంస్థకూ లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. జరిమానా చిన్నదే. కానీ నడిపేవాడితో పాటు రోడ్డు కూడా తప్పు చేయగలదని పార్లమెంటు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ డ్రైవర్ నిర్లక్ష్యం అని ఒక్క మాట రాసి కేసు మూసే అలవాటు పోవాలంటే ఈ సెక్షన్‌ను పోలీసులు వాడటం మొదలుపెట్టాలి.

ఊళ్ల దగ్గర వేగం తగ్గిస్తే నాలుగు వరుసలు వేసిన ప్రయోజనమే పోతుందన్నది మరో అభ్యంతరం. ఇదీ లెక్కతో చూడాల్సిందే. శామీర్‌పేట నుంచి రామగుండం దాకా జనావాసాలున్న భాగం అంతా కలిపి 40 కిలోమీటర్లు అనుకుందాం. అక్కడ 80 కిలోమీటర్ల వేగంతో వెళితే 30 నిమిషాలు, 60తో వెళితే 40 నిమిషాలు. మొత్తం ప్రయాణంలో తేడా పది నిమిషాలు. సిద్దిపేటలో దిగేవాళ్లకు అంతకంటే తక్కువ. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ లెక్క తిరగేసి చూస్తే పది నిమిషాలకు బదులుగా దక్కేది ఎంతో తెలుస్తుంది. ఇంకో సంగతి, సర్వీసు రోడ్డు, అండర్‌పాస్ పూర్తయిన చోట ఈ పది నిమిషాలు కూడా వదులుకోనక్కర్లేదు. మోపెడ్లు, ట్రాక్టర్లు, దాటే జనం లేని ప్రధాన మార్గంలో 80తోనో, అంతకంటే వేగంతోనో నిశ్చింతగా వెళ్లవచ్చు. దూరప్రయాణికులకూ ఊరివాళ్లకూ మధ్య ఇక్కడ తగువు ఉందనుకోవడమే పొరపాటు. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రికి పరుగెత్తే అంబులెన్సుకు సర్వీసు రోడ్డు వల్ల కలిగే మేలు ఆరో వరుస వల్ల కలిగేదానికంటే ఎక్కువ.

జాతీయ రహదారిగా మారిస్తే కేంద్రం డబ్బుతో ఇవన్నీ వస్తాయి కదా అనే మాటకు కొంత బలం ఉంది. విచిత్రమేమిటంటే ఈ దారిని అడ్డంగా దాటే రోడ్లు ఇప్పటికే జాతీయ రహదారులయ్యాయి. సిద్దిపేటలో మెదక్ నుంచి ఎల్కతుర్తి వెళ్లే దారి, కరీంనగర్‌లో జగిత్యాల నుంచి వరంగల్ వెళ్లే దారి జాతీయ రహదారుల జాబితాలో ఉన్నాయి. వాటికంటే ఎక్కువ రద్దీ ఉన్న రాజీవ్ రహదారి మాత్రం రాష్ట్రం చేతిలోనే ఉంది. డబ్బు మాట ఒప్పుకుంటాను. కానీ అదే 2022 లెక్కల్లో జాతీయ రహదారుల మీద చనిపోయినవాళ్లు 61,038 మంది. నంబరు మారినంత మాత్రాన స్టేజీ దగ్గర అండర్‌పాస్ దానంతటది రాదు. పైగా ఇప్పటి ఒప్పందం, టోల్ హక్కులు, వాటి పరిహారం తేలేసరికి ఏళ్లు గడుస్తాయి. అప్పటిదాకా ఆగాల్సిన అవసరం లేదు. నిర్మించి, నిర్వహించి, టోల్ వసూలు చేసుకునే ఒప్పందాల్లో పనుల పరిధి మార్చే నిబంధన సాధారణంగానే ఉంటుంది. భద్రత కోసం అదనపు పని అవసరమైతే ప్రభుత్వం ఆదేశించి, దానికి డబ్బు చెల్లించవచ్చు. నగరంలో కిలోమీటరుకు వంద కోట్లకు పైగా పెట్టడానికి సిద్ధమైన రాష్ట్రం, అందులో కొద్ది భాగాన్ని ఈ 200 కిలోమీటర్ల మీద పెట్టలేనంటే నమ్మడం కష్టం. ఉన్న రోడ్డునే సరిదిద్దితే ఫలితం ఉంటుందా అని సందేహించేవాళ్లు ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వేను చూడవచ్చు. అక్కడ 2016లో 151 మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రమాదం జరిగిన ప్రతి చోటునూ పరిశీలించి కంచెలు, గుర్తులు, రెయిలింగ్‌లు సరిచేసి, పోలీసు నిఘా, అంబులెన్సు వ్యవస్థ మెరుగుపరచడంతో మరణాలు బాగా తగ్గాయి. అది ఊళ్లు లేని దారి కాబట్టి అక్కడి చికిత్స యథాతథంగా ఇక్కడికి సరిపోదు. అయినా చోటుచోటునా వెతికి సరిచేసే ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది.

రైలు వచ్చింది కాబట్టి రోడ్డు మీద ఒత్తిడి తగ్గుతుందని ఎదురుచూడటం కూడా సరికాదు. 2016లో శంకుస్థాపన జరిగిన మనోహరాబాద్–కొత్తపల్లి మార్గం సిద్దిపేట దాటి కరీంనగర్ దాకా పూర్తవడం చాలా అవసరం, అది త్వరగా జరగాలి. ఊరి నుంచి ఊరికి ముప్పై కిలోమీటర్లలోపు తిరిగే జనం మాత్రం రైలెక్కరు. కుకునూరుపల్లి నుంచి దుద్దెడ కలెక్టరేట్‌కు, గుండ్లపల్లి నుంచి కరీంనగర్ మార్కెట్‌కు, సుల్తానాబాద్ రైస్‌మిల్లుకు వెళ్లేవాళ్లు రోడ్డు మీదే ఉంటారు. వాళ్ల సంఖ్య పెరుగుతుంది కూడా.

పెరిగే చోటు ఏదో కూడా ఇప్పుడే తెలుసు. ఎలివేటెడ్ కారిడార్ పూర్తయితే సిగ్నళ్లు లేకుండా వచ్చిన వాహనాలన్నీ శామీర్‌పేట అవతల తుర్కపల్లి, గౌరారం స్టేజీల మీద పడతాయి. రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం గజ్వేల్ మీదుగా వెళ్లి ఈ రహదారిని దాటుతుంది. సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి శామీర్‌పేటకు మెట్రో తెస్తామన్న ప్రకటన కూడా ఉంది. శామీర్‌పేట నుంచి ప్రజ్ఞాపూర్ దాకా ప్లాట్ల వెంచర్లు వరుస కట్టాయి. రోడ్డుకు ఇరువైపులా సర్వీసు రోడ్డుకు కావాల్సిన స్థలం ఇంకా ఎక్కడెక్కడ ఖాళీగా ఉందో రోడ్లు భవనాల శాఖ ఇప్పుడే గుర్తించి సేకరణ నోటిఫికేషన్ ఇస్తే రైతుకు న్యాయమైన ధర ఇచ్చి తీసుకోవచ్చు. అక్కడ కాంప్లెక్సులు లేచాక అదే స్థలానికి పరిహారం కోర్టుల్లో తేలాలి, కూల్చివేతలు జరగాలి, చివరికి ఖర్చు ఎక్కువైందని సర్వీసు రోడ్డును మళ్లీ కోతపెడతారు. అందుకే కారిడార్ పనులతో పాటే శామీర్‌పేట–ప్రజ్ఞాపూర్ మధ్య సర్వీసు రోడ్లకు, అండర్‌పాస్‌లకు టెండర్లు పిలవాలి. ఆ తర్వాత సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి జిల్లాల్లోని స్టేజీలను గత ఐదేళ్ల మరణాల వరుసలో ఒక్కొక్కటిగా చేపట్టాలి. ఆ మరణాల వివరాలు ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ ఎఫ్ఐఆర్‌ల రూపంలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని కిలోమీటరు రాయి వారీగా పేర్చడానికి కొత్త సర్వే గానీ, కొత్త కమిటీ గానీ అక్కర్లేదు.